మొదటి ఇల్లు: హైదరాబాద్‌లో గృహవసతి చరిత్ర

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనే చదువుకుంటున్నారు. కొందరు మొదటి ఇల్లు కొనడానికి పొదుపు కూడా చేస్తుండవచ్చు. సొంతిల్లు ఎందుకింత కష్టమైందంటే ధరలు పెరిగాయని అందరూ చెబుతారు. అది సగం సమాధానమే. ఒక్కో కాలంలో కొనుగోలుదారుకు ఒక్కో అడ్డంకి ఎదురైంది. హైదరాబాద్ ఉదాహరణతో దీనిని పరిశీలిద్దాం.

వంతు కోసం నిరీక్షణ

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ అనుభవంతో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు కట్టించడం దాని పని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఆ బాధ్యత హౌసింగ్ బోర్డుకు వచ్చింది. బోర్డు పద్ధతి మీ పెద్దలకు గుర్తుండే ఉంటుంది: దరఖాస్తు, ధరావతు, లాటరీ, నెలనెలా వాయిదాలు, బాకీ తీరాక సేల్ డీడ్. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ ఇందుకు మంచి ఉదాహరణ. మధ్యతరగతికి ధర అందుబాటులోనే ఉండేది. అయితే ఇళ్లు తక్కువ, దరఖాస్తులు ఎక్కువ. కాబట్టి అప్పటి అడ్డంకి వంతు రాకపోవడం.

అప్పు దొరికింది, ఇల్లు దూరమైంది

1970లో ఏర్పడిన హడ్కో ప్రధానంగా హౌసింగ్ బోర్డుల వంటి సంస్థలకు రుణాలిచ్చింది. 1977లో స్థాపించిన హెచ్‌డీఎఫ్‌సీ వ్యక్తులకు గృహరుణాలివ్వడాన్నే వ్యాపారంగా చేసుకుంది. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ వచ్చింది. అంతకుముందే, 1976లో పట్టణ భూపరిమితి చట్టం హైదరాబాద్‌లో ఖాళీ స్థలానికి 1,000 చదరపు మీటర్ల పరిమితి విధించింది. మినహాయింపులు, కోర్టు వివాదాల వల్ల మిగులు భూమిలో పేదలకు చేరింది కొంతే. 2008లో రాష్ట్రం ఆ చట్టం రద్దును స్వీకరించింది. ఈలోగా ఐటీ రంగం పెరిగింది, బ్యాంకులు గృహరుణాలతో ముందుకొచ్చాయి, భూమి ధరలూ పెరిగాయి.

ఒక లెక్క చూడండి. 30 లక్షల రుణాన్ని 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 26,000 రూపాయలు కట్టాలి. మొత్తం చెల్లింపు 62 లక్షలు దాటుతుంది. పైగా బ్యాంకు పూర్తి ధరకు రుణమివ్వదు. మిగతా సొమ్ము, రిజిస్ట్రేషన్ ఖర్చులు మీరే సమకూర్చుకోవాలి. అద్దె కడుతూ ఆ మొత్తం కూడబెట్టడమే నేటి యువ కుటుంబానికి మొదటి గండం.

కాగితం ఉంది, హక్కు ఉందా?

మూడో అడ్డంకి పాతదే. మూసీ వరద వచ్చిన 1908లోనే బ్రిటిష్ ఇండియాలో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. నేటికీ అదే ఆధారం. ఆ చట్టం దస్తావేజును నమోదు చేస్తుంది. అమ్మినవారికి హక్కు ఉందని హామీ ఇవ్వదు. అందుకే చెరువు శిఖం భూమిలోనో, ప్రభుత్వ భూమిలోనో ప్లాటు కొన్నవారు రిజిస్టరైన కాగితం చేతిలో ఉండి కూడా నష్టపోతున్నారు. తప్పు అమ్మినవారిదైనా, పోయేది కొన్నవారి కష్టార్జితం.

2016 నాటి రెరా చట్టం కొంత ఊరటనిచ్చింది. కొనుగోలుదారుల నుంచి వసూలు చేసిన సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వాడాలి. రాతపూర్వక ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అయినా పాత హక్కుల పరిశీలన భారం ప్రధానంగా కొనేవారిపైనే ఉంది.

ఇక్కడ మీ చరిత్ర చదువు అక్కరకొస్తుంది. లింకు డాక్యుమెంట్లను కాలక్రమంలో పేర్చడం, ఈసీతో పోల్చడం, సర్వే నంబరు, హద్దులు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూడటం, మధ్యలో తెగిన కొస ఎక్కడుందని అడగడం: ఇవన్నీ ఆధారాలను పరీక్షించే పనులే. న్యాయవాది సలహా తప్పనిసరి. కానీ ప్రశ్నలు మీవై ఉండాలి.

అభ్యాసం: మీ కుటుంబానికి లేదా పరిచయస్తులకు చెందిన ఒక ఇంటి పత్రాలను వారి అనుమతితో పరిశీలించండి. ఆ స్థలం ఎవరి నుంచి ఎవరికి, ఏ సంవత్సరంలో, ఏ విధంగా మారిందో ఒక పేజీలో రాయండి. ఈ మూడు అడ్డంకుల్లో ఆ ఇంటివారికి ఏది ఎదురైందో గుర్తించండి.