గంప కింది కోడి

ఆ మొద్దు జెర లోపలికి జరుపుండ్రి బిడ్డా, మంట మంచిగ అందుకుంటది. కోళ్ల ముచ్చట అడిగిండ్రు గదా, ఇనుండ్రి.

మన కందకుర్తిల గోదారి, మంజీర, హరిద్ర కలుస్తయి. తానానికని సుట్టాలు వస్తనే ఉండేది. సుట్టమొస్తే మా అమ్మ గంప లేపి పుంజును పట్టేది. జొన్నరొట్టె, కోడికూర. గుడ్లేమో అంగడికి పోయేటివి. ఉప్పు, మిరపకాయలు, మా పలకలు అన్నీ ఆ పైసలతోనే. ఆ పైసల లెక్క మా నాయిన ఏనాడూ అడగలే.

నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడ్తది. తక్కువే. కానీ దాని అసలు పని అటెన్క మొదలైతది. గుడ్లు ఆపి, ఈకలు లేపుకొని, గుర్రుమనుకుంట కూసుంటే అమ్మ బుట్టల బూడిద పోసి, వరిగడ్డి పరిచి, 12 గుడ్లు పెట్టేది. బూడిదుంటే పేండ్లు పట్టయి. వారం దాటిన గుడ్డు పెట్టనియ్యకపోయేది. ఏడోనాడు రాత్రి దీపం ముందర పట్టి చూసేది. ఎర్రటి నరాలు కనబడితే లోపల పిల్ల ఉన్నట్టు, ఏం కనబడకుంటే తీసేసుడే. 21వ నాటికి పిల్లలు.

దాణా కొన్నది లేదు. పాత కుండల ఎండుపెండ, గడ్డి కుక్కి, తడిపి, పొద్దుగూకంగ చెదలున్న జాగల బోర్లేసెటోళ్లం. తెల్లారి దులిపితే చెదలు రాలేటివి. పిల్లలు ఎగబడి తినేటివి.

1937ల బోధన్ల షక్కర్ ఫ్యాక్టరీ పెట్టినంక ఊర్ల సుట్టు చెరుకు పెరిగింది. ఆ చెరుకుల నక్కలు, బావురుపిల్లులు దాగేటివి. గంప మీద బండ పెట్టనిదే అమ్మ పండుకోకపోయేది. వాటికంటే పాపిష్టిది కొక్కెర రోగం. మెడలు తిరిగి, పచ్చగ పారి, వాడకు వాడ ఖాళీ అయ్యేది. ఇప్పుడు టీకా ఉన్నది. వారంలోపు పిల్లలకు లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్‌2బి సూది. తప్పకుండ ఏయించుండ్రి.

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధనోళ్లు వనరాజను తీసిండ్రు. పెరట్ల తిరిగినా ఏడాదికి 100 గుడ్లు పెడ్తది, పుంజు జల్ది బరువెక్కుతది. మంచి కోడే. కానీ అది పొదగది. ఎప్పటికప్పుడు పిల్లలను కొనుక్కరావాలె, వారాల తరబడి బల్బు కింద సాకాలె. గద్ద మీదికొస్తే ఎగబడే తల్లి ఆ పిల్లలకు లేదు.

వనరాజను పెంచుకుంటే పెంచుకోండ్రి బిడ్డా, పక్కన రెండు నాటుపెట్టలను కూడ ఉంచుండ్రి. నాటుపుంజు ఉన్న ఇంట్ల పది గుడ్లు అడిగి తెచ్చి, ఎండలు ముదరకముందే పొదగేయుండ్రి.