బండి పేరు మారినా.. బరువు మారదు
నమ్మిన ట్రాలీకి ప్రత్యామ్నాయం ఎంచుకునేవారు తెలుసుకోవాల్సిన అంశాలు

కుసుమంచి: పల్లెలో ఒక బండి పేరు స్థిరపడితే అది తయారు చేసిన కంపెనీ కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. మధ్యస్థాయి సరకు లారీని తెలంగాణ గ్రామాల్లో నేటికీ ‘డీసీఎం’ అనే పిలుస్తున్నారు. ఆ పేరుకు మూలమైన డీసీఎం టయోటా సంస్థ 1980లలో జపాన్‌ పరిజ్ఞానంతో తేలికపాటి లారీలను తయారు చేసింది. 1990ల మధ్యలో అది కొరియాకు చెందిన దేవూ చేతికి వెళ్లింది. నేడు రోడ్డుపై కనిపించే ‘డీసీఎం’ చాలావరకు ఐషరో, టాటానో అయి ఉంటుంది.

చిన్న ట్రాలీల విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఏళ్ల తరబడి నమ్ముకున్న మోడల్‌ షోరూంలో దొరకదు. దొరికినా ఇంజను మారి ఉంటుంది. అప్పుడు ఏది కొనాలన్న ప్రశ్న తలెత్తుతుంది. ట్రాలీ మీదే బతికే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. బండి సరిపోకపోతే కిరాయి రాదు. కిరాయి వచ్చినా రాకపోయినా నెలవారీ వాయిదా మాత్రం ఆగదు. అందువల్ల పేరును పక్కనపెట్టి, మోయాల్సిన సరకునూ ఆర్సీలోని అంకెలనూ చూసి నిర్ణయానికి రావడం శ్రేయస్కరం.

వచ్చినవి.. పోయినవి

తేలికపాటి లారీల తయారీలో తెలుగు నేలకూ వాటా ఉంది. ప్రభుత్వ రంగంలోని హైదరాబాద్‌ ఆల్విన్‌ సంస్థ 1980లలో నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో ‘క్యాబ్‌స్టార్‌’ లారీలు తయారు చేయించింది. ఆ కర్మాగారం తరువాత మహీంద్రా పరమైంది. 2015లో విడుదలైన మహీంద్రా ‘జీతో’ అక్కడి నుంచే వచ్చింది.

2005లో టాటా ‘ఏస్‌’ రాకతో చిన్న సరకు రవాణా స్వరూపం మారిపోయింది. రెండు సిలిండర్ల డీజిలు ఇంజను, ముప్పావు టన్ను మోత దాని ప్రత్యేకతలు. పల్లెల్లో దీన్ని ‘టాటా ఏసీ’ అనడం కూడా వాడుకే. 2011లో అశోక్‌ లేలాండ్‌ ‘దోస్త్‌’, 2016లో మారుతీ ‘సూపర్‌ క్యారీ’, 2019లో టాటా ‘ఇంట్రా’, 2020లో ‘బడా దోస్త్‌’, 2022లో ‘బొలేరో మ్యాక్స్‌ పికప్‌’ వరుసగా వచ్చాయి.

పాత ఇంజన్లు కనుమరుగు కావడానికి ప్రధాన కారణం కాలుష్య ప్రమాణాలు. 2017 ఏప్రిల్‌ 1 నుంచి దేశమంతటా బీఎస్‌-4, 2020 ఏప్రిల్‌ 1 నుంచి బీఎస్‌-6 అమల్లోకి వచ్చాయి. బీఎస్‌-6 డీజిలు బండ్లలో సెన్సర్లు, పొగను వడకట్టే పరికరాలు పెరిగాయి. డాష్‌బోర్డుపై హెచ్చరిక దీపం వెలిగితే లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి స్కానరు కావాలి. పాత మెకానిక్‌ చెవితో విని చెప్పే రోజులు తగ్గాయి. కాబట్టి కొనబోయే బండికి ఖమ్మంలోనో సూర్యాపేటలోనో సర్వీసు కేంద్రం, విడిభాగాలు అందుబాటులో ఉన్నాయా అన్నది మొదటే విచారించాలి.

బస్తాల లెక్క

ఆర్సీలో గ్రాస్‌ వెయిట్‌, అన్‌లాడెన్‌ వెయిట్‌ అనే రెండు అంకెలుంటాయి. మొదటిది సరకుతో కలిపి బండి ఉండదగిన గరిష్ఠ బరువు, రెండోది ఖాళీ బరువు. రెండింటి తేడాయే చట్టం అనుమతించే మోత.

మిరప బస్తా 45 కిలోలనుకుంటే 750 కిలోల బండి 16 బస్తాలు, 1,300 కిలోల బండి 28, 1,700 కిలోల బండి 37 బస్తాలు మోస్తాయి. 40 కిలోల ధాన్యం బస్తాలైతే వరుసగా 18, 32, 42. డ్రైవరు, పక్కన కూర్చునే మనిషి బరువు కూడా ఈ తేడాలోంచే పోతుంది. ఇద్దరు మనుషులంటే దాదాపు మూడు బస్తాలు తగ్గినట్లే. పాత బండికి అలవాటుగా వేసిన బస్తాల సంఖ్యను కొత్తదానికి ప్రమాణంగా తీసుకోరాదు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక బరువుకు జరిమానా రూ.20 వేలు, ఆపై అదనపు టన్నుకు రూ.2 వేల చొప్పున ఉంది. ఎక్కువైన సరకును దించిన తరువాతే బండి కదలాలి.

సరకును బట్టి బండి

సాగర్‌ ఎడమ కాలువ కింద వరి, మెట్ట భూముల్లో పత్తి, మిరప, పాలేరు జలాశయంలో చేపలు.. కుసుమంచి పరిసరాల్లో ట్రాలీకి దొరికే కిరాయిలు ఇవే. ఒక్కో సరకుకు ఒక్కో రకం బండి అవసరం.

పత్తి తేలిక, కానీ చోటు ఎక్కువ తీసుకుంటుంది. దీనికి మోత కంటే తొట్టి పొడవు ముఖ్యం. ధాన్యం బరువు సరకు గనుక వెనుక కమాను పట్టీలు, టైర్లు గట్టిగా ఉండాలి. చేపల పెట్టెల నుంచి కారే నీరు, మంచు తొట్టి రేకును తుప్పు పట్టిస్తాయి. వీటికి ఎత్తు తక్కువ తొట్టి, అడుగున మందపు రేకు మేలు.

రోజూ ఖమ్మం మార్కెట్‌కు వెళ్లి వచ్చే బండికి ముప్పావు టన్ను, టన్ను తరగతి సరిపోతుంది. ఏస్‌, సూపర్‌ క్యారీ ఈ కోవలోవి. కొత్తగూడెం మీదుగా భద్రాచలం వైపు వంద కిలోమీటర్లు దాటి నిండు మోతతో వెళ్లేవారు టన్నున్నర తరగతిలో దోస్త్‌, ఇంట్రా పెద్ద రకాలను, రెండు టన్నుల వరకు బొలేరో మ్యాక్స్‌, టాటా యోధ రకాలను పోల్చి చూసుకోవచ్చు. సీఎన్‌జీ బండి తీసుకునేవారు తాము నిత్యం తిరిగే దారిలో గ్యాస్‌ బంకు ఉందో లేదో చూసుకోవాలి. సిలిండర్ల బరువు వల్ల మోత కొంత తగ్గుతుంది.

మూడు టన్నుల గీత

మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్‌ ప్రకారం గ్రాస్‌ వెయిట్‌ 3,000 కిలోలు మించని సరకు వాహనానికి పర్మిట్‌ అవసరం లేదు. ఆ గీత దాటితే పర్మిట్‌ తప్పనిసరి. ఒకే పేరుతో అమ్మే పికప్‌లలో చిన్న రకం గీత లోపల, పెద్ద రకం గీత బయట ఉండే అవకాశం ఉంది. కొనే ముందే ఇది తేల్చుకోవాలి.

లైసెన్సు విషయంలో ఊరట ఉంది. లైట్‌ మోటార్‌ వెహికల్‌ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది.

సరకు వాహనాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు తీసుకున్న కొటేషన్లతో లెక్కలు వేసుకోరాదు.

కూలీలను ఎక్కిస్తే..

మిరప ఏరే కాలంలో ట్రాలీల్లో కూలీలను తరలించడం కనిపిస్తూనే ఉంటుంది. పెద్ద తొట్టి ఉన్న బండి కొంటే ఆ కిరాయీ దొరుకుతుందని లెక్క వేసేవారున్నారు. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన లెక్క. సరకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ప్రమాదం జరిగితే పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీకి లేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పునిచ్చింది. సరకుతో పాటు వెళ్లే సరకు యజమానికి లేదా అతని ప్రతినిధికి మాత్రమే చట్టం రక్షణ కల్పిస్తుంది. బండి బోల్తా పడితే కూలీ కుటుంబం దిక్కులేనిదవుతుంది, పరిహారం భారం బండి యజమాని నెత్తిన పడుతుంది. కూలీల రవాణాకు ప్రయాణికుల వాహనమే మార్గం.

పాతది కొనేవారికి

పాత మోడలే కావాలనుకునేవారు సెకండ్‌ హ్యాండ్‌ బండి వైపు మొగ్గుతారు. ఇందులో యంత్రం కంటే ముందు కాగితాలు చూడాలి.

* ఆర్సీలో ఫైనాన్స్‌ నమోదై ఉంటే అప్పు తీరినట్లు ధ్రువపత్రం, ఫారం 35 తీసుకోవాలి.
* యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 అవసరం. బదిలీ పూర్తయ్యే వరకు బండిపై కేసులు పాత యజమాని పేరిటే వస్తాయి.
* రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్‌ చేయించాలి. గడువు ఎప్పటి వరకు ఉందో చూసుకోవాలి.
* బీమా గడువు, పెండింగ్‌ చలానాలు పరిశీలించాలి.
* ఛాసిస్‌ నంబరును ఆర్సీతో సరిపోల్చాలి. ఛాసిస్‌పై కొత్త వెల్డింగు గుర్తులుంటే అధిక మోతతో అరిగిన బండిగా అనుమానించాలి.
* ఖాళీ బండినే కాక, సగం బరువు వేసి ఎత్తు రోడ్డుపై నడిపి చూడాలి.

కొత్తదైనా పాతదైనా బేరం కుదరక ముందు మూడు అంకెలు కాగితంపై రాసుకోవడం మంచిది: ఆర్సీ ప్రకారం పడే బస్తాలు, నెలకు ఖాయంగా దొరికే కిరాయిలు, నెలవారీ వాయిదా. మొదటి రెండూ కలిసి మూడోదాన్ని మోయగలిగితేనే ఆ బండి ఇంటికి తగినది.