రాతి మస్టర్

బొగ్గు బాయి దిగే మనిషికి మస్టర్ విలువ తెలుసు. మందమర్రిలో షిఫ్టుకు ముందు పేరు పడుతుంది, పైకొచ్చాక లెక్క సరిపోవాలి. ఒక్క పేరు తగ్గినా ఆ రాత్రి కాలనీలో ఎవరికీ నిద్ర ఉండదు. యుద్ధ స్మారకాలను నేనూ ఆ కంటితోనే చూస్తాను. తిరిగి రానివాళ్ళ పేర్లను ఎవరు రాసి పెట్టారు, ఎప్పటినుంచి?

మన పల్లెల్లో దీనికి పాత జవాబు వీరగల్లు. పశువుల మంద కోసమో, ఊరి కోసమో పోరాడి పోయినవాడి బొమ్మను రాతిలో చెక్కి నిలబెట్టేవారు. చాలా రాళ్ళ మీద పేరుండదు. ఊరందరికీ తెలిసినవాడే కదా అనుకొని ఉంటారు. ఆ తెలిసినవాళ్ళూ పోయాక బొమ్మ మిగిలింది, మనిషి జారిపోయాడు. పల్నాటి కారెంపూడిది వేరే దారి. అక్కడ 12వ శతాబ్దపు పోరులో నేలకొరిగిన వీరులకు గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే ఉత్సవాల్లో, వారి ఆయుధాలుగా కొలిచే కొణతాలను బయటికి తెస్తారు. అద్దాల పెట్టెలు లేని మ్యూజియం అది.

వలస పాలనలో స్మారకం రాజధానికి చేరింది. నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ లాన్సర్లు, జోధ్‌పూర్, మైసూరు దళాలతో కలిసి మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్ళారు. వారి గుర్తుగా 1922లో ఢిల్లీలో నిలిపిన మూడు కంచు విగ్రహాలే తీన్ మూర్తి. అందులో ఒకటి మన హైదరాబాద్‌ది. అయితే ఆ విగ్రహం ఏ ఒక్క మనిషిదీ కాదు, దళానిది. 1921లో పునాది పడి 1931లో ప్రారంభమైన ఇండియా గేట్ మీద పేర్లు చెక్కారు కానీ, అవి 13 వేల పైచిలుకే. ఆ యుద్ధంలో పోయిన భారత సైనికులు 70 వేలకు పైమాటే.

1971 యుద్ధం ముగిశాక, 1972 జనవరి 26న ఇండియా గేట్ కింద అమర్ జవాన్ జ్యోతి వెలిగింది. తలకిందులుగా నిలిపిన తుపాకీ, దాని మీద హెల్మెట్. పేరు లేదు. అదే యుద్ధాన్ని తలచుకుంటూ విశాఖ బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం వెలిసింది. ఆ యుద్ధంలో పనిచేసిన కురుసురా జలాంతర్గామి 2002లో అదే ఒడ్డున మ్యూజియమైంది. లోపల వంగి దూరాల్సిన గుండ్రటి ద్వారాలు, నెత్తికి తగిలేంత కిందుగా పైపులు, ఒకదాని మీద ఒకటి ఇరికించిన పడకలు, పగలో రాత్రో తెలియనివ్వని బల్బుల వెలుగు. తల వంచి నడవమని గనికార్మికుడికి అక్కడ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎంత ఎత్తు స్తూపమైనా సైనికుడు బతికిన జాగాను ఇంత దగ్గరగా చూపించలేదు.

మా మందమర్రి మీదుగా పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీలో ఇప్పుడు ఇంకో చోటు ఉంది. 2015లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న, ఇండియా గేట్ దగ్గరే 40 ఎకరాల్లో ప్రారంభమైంది. ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు చక్రాలు. నడుమ అమర చక్రంలో జ్యోతి. ఇండియా గేట్ కిందిదాన్ని 2022 జనవరి 21న తెచ్చి దీంట్లో కలిపారు. వీరతా చక్రం కప్పున్న గ్యాలరీ. లోంగేవాలా, రెజాంగ్ లా వంటి ఆరు పోరాటాలు అక్కడ కంచు ఫలకాల మీద కనిపిస్తాయి. త్యాగ చక్రం దగ్గర మాత్రం నడక నెమ్మదిస్తుంది. మనిషికో గ్రానైట్ ఇటుక. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో పేరు, హోదా, దళం. సిపాయికైనా ఆఫీసరుకైనా ఇటుక కొలత ఒకటే. ప్రారంభం నాటికి అక్కడి పేర్లు 25,942.

2020 జూన్ 15న గల్వాన్ ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు సహా 20 మంది ప్రాణాలిచ్చారు. సూర్యాపేటలో ఆయన విగ్రహం పెట్టారు, వెనుకటి వీరగల్లులాగే. ఢిల్లీలో ఆ ఇరవై మంది పేర్లూ గోడకెక్కాయి. గోడ లేచిన రెండేళ్ళకే కొత్త ఇటుకలు చెక్కాల్సి వచ్చిందన్నమాట. ఆ మస్టర్ ఇంకా మూయలేదు.