ఉగ్గాని కథ: ఆదోని నుంచి బళ్లారి దాకా

ఈరోజు కోటలు, రాజులు పక్కన పెట్టి వంటింట్లోకి పోదాం.

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఎక్కడికి పోయినా పొద్దున పూట ఉగ్గానే. బొరుగులు నీళ్లలో వేసి వెంటనే పిండేయాలి, ఆలస్యమైతే ముద్దయిపోతాయి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు, కరివేపాకుతో తాలింపు, దించేముందు పుట్నాల పొడి. అంతే! కడిగేది ఒక్క బాణలి. నాకైతే పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గానే కాదు.

ఇదే వంటను బళ్లారిలో మండక్కి ఒగ్గరణె అంటారు. కన్నడలో ఒగ్గరణె అంటే తాలింపు. మన ఉగ్గాని ఆ మాటే అయి ఉంటుందని నా అభిప్రాయం. ఎందుకంటే 1953 దాకా ఈ ప్రాంతం బళ్లారి జిల్లానే కదా. బళ్లారి తాలూకా ఎటు పోవాలో తేల్చేకి జస్టిస్ మిశ్రాను వేశారు. చివరికి అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. బొరుగులు మాత్రం రెండు పక్కలా ఉండిపోయాయి.

ఇంకో మాట. సులువు వంట అంటాం గానీ, కష్టమంతా బట్టీ దగ్గరే అయిపోయింటుంది. వడ్లు ఉడికించి, ఎండబెట్టి, ఆ బియ్యాన్ని కాలే ఇసుకలో వేయించాలి. ఆ వేడిలో నిలబడినోళ్ల పుణ్యానే మా అవ్వ ఉగ్గాని మూట కట్టుకుని, పొద్దెక్కక ముందే పత్తి తీసేకి పోయేది.