అప్పన్న కొండ చుట్టూ

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మధ్యాహ్నం దాటిందంటే విశాఖపట్నం రోడ్ల మీద పెత్తనమంతా నడిచేవాళ్లదే. సింహాచలం కొండ దిగువన, తొలిపావంచా దగ్గర, చెప్పులు వదిలి కొబ్బరికాయ కొట్టి జనం బయల్దేరతారు. కాయలు కొట్టే చోట నేలంతా తడిసి కాలు జారుతుంటుంది. చిప్పలు ఎత్తిపోసేవాళ్లు ఎత్తిపోస్తూనే ఉంటారు, కుప్ప మాత్రం తగ్గదు. కొండమీది దేవుడు అప్పన్న స్వామివారి పుష్పరథం కదులుతుంది. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, అప్పూఘర్, ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, కైలాసపురం, మాధవధార, మురళీనగర్, ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం దాటి మళ్లీ కొండ దిగువకే చేరాలి. ఈ గిరి ప్రదక్షిణ మొత్తం 32 కిలోమీటర్లు. చంటిపిల్లను భుజానేసుకున్న తండ్రి, మోకాళ్ల నొప్పులని వారం క్రితం దాకా మూలిగిన అత్తగారు, హాస్టల్ కుర్రాళ్లు, కొత్త దంపతులు అందరూ ఒకే వరసలో. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్ల ప్యాకెట్లు అందించే చేతులు. సముద్రం దగ్గర ఆగి స్నానం చేసేవాళ్లు చేస్తారు.

అరుణాచలం గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు. గోవర్ధనం చుట్టు నడక 20 కిలోమీటర్ల పైచిలుకు. కైలాస పర్వతం చుట్టూ అయితే 52. లెక్కకు సింహాచలం వీటి మధ్యలో ఉన్నా, ఇలాంటి దారి ఇంకోటి లేదు. అరుణాచలంలో ఎక్కడ తలెత్తినా కొండ కనిపిస్తుంది. ఇక్కడ నడిచేవాడికి జాతీయ రహదారి, బీచ్, అపార్టుమెంట్లు, నౌకాదళ ఆయుధాల డిపో పేరు మోస్తున్న కూడలి, అన్నీ కనిపిస్తాయి. కొండే అప్పుడప్పుడూ దాక్కుంటుంది. అది పూర్తిగా పక్కన నడిచేది అడవివరం నుంచి హనుమంతవాక దాకా. అక్కడ కుడిచేతి వైపు అప్పన్న కొండ, ఎడమచేతి వైపు కంబాలకొండ, నడుమ లోయలో ముడసర్లోవ చెరువు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న నగరంలో, కుటుంబంతో సహా అడవి పక్కన నడవగలిగే దారి ఇప్పటికీ మిగిలిందంటే అందుకు భక్తి ఒక్కటే కారణం కాదు. ఈ కొండల చరిత్రంతా నీళ్ల చరిత్ర.

ముందుగా ఎక్కినవాళ్లు బౌద్ధ భిక్షువులు. భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండ 1976లో నౌకాదళం చేసిన వైమానిక సర్వేలో బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించింది. స్తూపాలు, విహారాలు, భోజనశాల వెలికి వచ్చాయి. అన్నిటికన్నా ముందు చూడవలసింది బండలో తొలిచిన నీటి తొట్లు. రెండు వేల ఏళ్ల కిందట వానాకాలం మూడు నెలలూ ఒకచోట ఉండిపోయే భిక్షువులు, ఏడాది పొడుగునా తాగడానికి ఎలా అని ఆలోచించి రాయి తొలిచారు. బావికొండ మీదా అదే ఏర్పాటు. ఈ రోజుకీ ఆదివారం పూట పిల్లలతో వెళ్లేవాళ్లు స్తూపం దగ్గర ఫొటో దిగి తిరిగి వచ్చేస్తారు. తొట్టి అంచున కూర్చుని, కొండమీద పడిన చినుకును ఎటు మళ్లించారో చూస్తే అక్కడి ఇంజనీరింగ్ అంతా అర్థమవుతుంది.

ఈ తూర్పు కనుమల రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖొండలైట్ అంటారు. కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో పెట్టిన పేరది. ఎండకూ వానకూ త్వరగా కుళ్లి ఎర్రమట్టి అయిపోయే రాయి. పగుళ్లలో వాననీరు ఇంకి, నెలల తరబడి కిందికి ఊరుతుంది. సింహాచలం కొండ నిండా ధారలు ఉండటానికి అసలు కారణం అదే.

గుడి దగ్గర గంగధార ఉంది. కొండ ఎక్కిన భక్తుడు అక్కడ స్నానం చేసి దర్శనానికి వెళ్లడం ఆనవాయితీ. కొండకు అవతల, నగరం వైపు, మాధవధార. ఆలయంలో దొరికిన శాసనాల్లో పాతది 11వ శతాబ్ది చివరిది, కుళోత్తుంగ చోళుడి కాలం నాటిది. ఇప్పుడు కనిపించే గుడి 13వ శతాబ్దిలో తూర్పు గాంగుల కాలంలో రూపు దిద్దుకుంది. కోణార్కలో సూర్యుడికి గుడి కట్టిన వంశమే అది. కళింగ దండయాత్ర చేసిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఒకసారి, 1519లో మరోసారి ఇక్కడికి వచ్చి నగలు సమర్పించాడు. రాజులూ సేనలూ ఎక్కినా, కూలి పనికి పోయేవాడు ఎక్కినా మెట్లు అవే, సుమారు వెయ్యి. ఘాట్ రోడ్డు, బస్సులు వచ్చేదాకా దేవుణ్ని చూడాలంటే నడవడం తప్ప ఇంకో దారి లేదు.

మాధవధార నుంచి కూడా మెట్ల దారి ఉంది. ధార దగ్గర మాధవస్వామి గుడి, అక్కణ్నుంచి కొండ మీదుగా సింహాచలానికి. సెలవురోజు ఉదయం ఈ దారి పట్టే నగరవాసుల్లో సగం మంది భక్తులు, సగం మంది ఒళ్లు తగ్గాలనుకునేవాళ్లు. పైకి పోయేకొద్దీ కాలనీల చప్పుడు తగ్గి, పాదాల కింద నునుపెక్కిన రాళ్లు వస్తాయి. అవతలి వాలులో అనాస, పనస, జీడిమామిడి. గిరి ప్రదక్షిణ నాటికి సింహాచలం అనాస బాగా పండి ఉంటుంది. అడవివరం రోడ్డు పక్కన గంపలు దించి, చెక్కు తీసి, ముక్కలకు ఉప్పూ కారం చల్లి ఇచ్చే ఆడవాళ్లు ఆ పండగ లెక్కను దేవస్థానం క్యాలెండర్ చూడకుండానే చెప్పగలరు. సంపెంగలు సరేసరి.

ఇరవయ్యో శతాబ్ది మొదట్లో వాల్తేరు, పాత విశాఖ తాగునీటికి మునిసిపాలిటీ చూపు ఈ లోయ మీద పడింది. రెండు కొండల వాన నీరు ఒక్కచోట చేరే ముడసర్లోవలో చెరువు కట్టారు. 1933లో ఓడరేవు తెరిచే నాటికి ఊరు చిన్నదే. ముడసర్లోవ నీరు దొరకడమంటే చిన్న విషయం కాదు. పరివాహక ప్రాంతంలో చెట్లు కొడితే చెరువు పూడుతుందనే భయం కొండను కొంతైనా కాపాడి ఉంటుంది. దేవుడి పేరు చెబితే వినని వాడు కూడా కుళాయి ఎండుతుందంటే వింటాడు.

ఆ భయం పోవడానికి కారణం ఊరు పెరగడమే. 1960లలో గోస్తనీ నది మీద తాటిపూడి జలాశయం కట్టి నీళ్లు తెచ్చుకున్నారు. ఆ తర్వాత మేఘాద్రిగెడ్డ, రైవాడ. ఉక్కు కర్మాగారానికి ఏలేరు కాలువ రావలసి వచ్చింది. 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి తూర్పు గోదావరి నీళ్లు విశాఖ గుమ్మంలోకి వచ్చాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసేనాటికి విశాఖ తాగే నీళ్లకూ విశాఖ కొండలకూ సంబంధం దాదాపు తెగిపోయింది. ధారలు బస్టాపుల పేర్లయ్యాయి. సీతమ్మధారలో నీటి ధార ఎక్కడని అడిగితే ఆటోవాలా నవ్వుతాడు. గెడ్డలు చాలావరకు మురుగుకాలువలయ్యాయి. వాలుల మీద ఇళ్లు ఎక్కాయి. కొండ దిగువన అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి గ్రామాల్లో దేవస్థానానికీ నివాసులకూ మధ్య భూమి తగువు దశాబ్దాలుగా సాగుతోంది. పంచగ్రామాల సమస్య అంటే విశాఖలో ఎన్నికలప్పుడు తెలియనివాళ్లు ఉండరు.

లోయకు అవతలి కంబాలకొండ కథ వేరు. ఒకప్పుడు విజయనగరం మహారాజుల ఆధీనంలో ఉన్న అడవి. రిజర్వు ఫారెస్టులోంచే కొంత భూమి తీసుకుని 1977లో ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల తెరిచారు. అడవికీ జూకూ మధ్య జాతీయ రహదారి. మిగిలిన సుమారు 70 చదరపు కిలోమీటర్లను 2002 మార్చి 10న అభయారణ్యంగా ప్రకటించారు. చిరుత, కణుజు, దుప్పి, అడవి పంది, ముళ్లపంది ఉన్న అడవి. మహానగరం ఒడిలో చిరుతలుండే అడవి అనగానే అందరూ ముంబయి సంజయ్ గాంధీ పార్కు పేరే చెబుతారు. విశాఖవాళ్లు కూడా అదే చెబుతారు, అదే విచిత్రం.

ప్రకటించాక అక్కడ ఒక మంచి పని జరిగింది. పర్యాటకాన్ని బయటి కాంట్రాక్టరుకు అప్పజెప్పకుండా, అడవి అంచున ఉన్న శంభువానిపాలెం గ్రామస్థులను కలుపుకుని నడిపారు. పడవ తోసేవాడు, దారి చూపేవాడు ఆ ఊరివాళ్లే. ఏ చెట్టు కాయ ఎలుగుబంటి తింటుందో, ఏది పిల్లలు తింటే వాంతులవుతాయో వాళ్లకు తెలుసు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి. మర్నాడు తెల్లారి చూసినవాళ్లకు కొండలు కాలిపోయినట్టు గోధుమరంగులో కనిపించాయి. ఆకు అన్నది లేదు. జూలో గోడలు కూలాయి, చెట్లు అడ్డదిడ్డంగా పడ్డాయి. వీధుల్లో నీడ కోసం నాటిన పరాయి జాతి చెట్లు వేళ్లతో సహా లేచిపోతే, అడవిలో కొమ్మలు విరిగిన చెట్లు చాలావరకు మొదలు నుంచే మళ్లీ చిగిర్చాయి. ఇప్పుడు కాలిబాటలో నడుస్తుంటే, మనిషెత్తున విరిగి పక్కనుంచి నాలుగు కొమ్మలు లేచిన మాను కనిపిస్తే అది తుపాను గుర్తేనని గైడ్లు చెబుతారు.

పిల్లలతో ఇక్కడ నడవాలంటే కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. దారి ఎర్రమట్టి, పెద్ద ఎత్తేమీ లేదు, ఆరేడేళ్ల పిల్లలు ఎత్తుకోమనకుండా నడిచేస్తారు. గెడ్డ దాటే చోట నీళ్లు చీలమండ దాకా వస్తే అదే వాళ్లకు సంబరం. ఆకులు కుట్టి గూడు కట్టిన ఎర్ర చీమలను చూపించి ముట్టుకోవద్దంటే, ముట్టుకున్న వాడొకడు తప్పకుండా ఉంటాడు. వానాకాలంలో జలగలు లేకపోయినా రాళ్లు జారతాయి, పాములు తిరుగుతాయి. వేసవిలో పది దాటాక బండ మీద కాలు పెట్టలేరు.

32 కిలోమీటర్లు ఒక్క రాత్రిలో నడవలేని కుటుంబాలు ఇప్పుడు ఆ దారినే ముక్కలు చేసుకుంటున్నాయి. ఒక ఆదివారం ముడసర్లోవ పార్కు. 2018 నుంచి అక్కడి చెరువు నీళ్ల మీద 2 మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. నూరేళ్ల కింద తాగడానికి కట్టిన చెరువు ఇప్పుడు కరెంటు కూడా ఇస్తోంది. ఇంకో ఆదివారం మాధవధార మెట్లు. మరోసారి కంబాలకొండ, టికెట్టు తీసుకుని, గైడుతో, ఉదయాన్నే. నడవలేని పెద్దవాళ్లు పౌర్ణమి నాడు బస్సులో కొండెక్కి గుడి చుట్టూనే ప్రదక్షిణ చేస్తారు. ఆ రోజు అప్పన్నకు చివరి విడత చందనం, మూడు మణుగులు, సమర్పిస్తారు.