ఎండ ఉన్నా ఆరని బట్ట

మే నెల ఎండలో అనంతపురం దండెం మీద వేసిన నూలు చీర చూస్తుండగానే ఆరిపోతుంది. అదే చీర విశాఖపట్నంలో, కళ్ళు చెదిరే ఎండలో కూడా, చాలాసేపు చెమ్మగానే ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. విశాఖ గాలిలో తేమ తరచూ 70 శాతం పైనే ఉంటుంది కాబట్టి, కొత్త తడికి మిగిలే చోటు ఎనిమిది తొమ్మిది గ్రాములు మాత్రమే. ఆ కాస్తా నిండిన గాలి పక్కకు తప్పుకుని కొత్త గాలి రాకపోతే, ఎండ ఎంత కాసినా బట్ట ఆరదు. కాబట్టి ఈ ఊళ్ళో బట్టలు ఆరడమన్నది ఎండ కంటే ముందు గాలికి, ఆ గాలి ఆడే జాగాకు సంబంధించిన విషయం. ఆ జాగా ఎలా తరిగిపోయిందో చెప్పకుండా నేటి ఇళ్ళలోని డ్రైయర్ బాధ అర్థం కాదని నా అభిప్రాయం.

ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది ప్రధానంగా బట్ట కోసమే. ఈ జిల్లా పుంజాల బట్టకు పేరు. పుంజం అంటే 120 పోగులు. పడుగులో పుంజాలు పెరిగేకొద్దీ నేత చిక్కనవుతుంది, తడి వదలడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. కోరా బట్ట మగ్గం దిగి నేరుగా ఓడెక్కేది కాదు. ఉతికి, ఉడకబెట్టి, ఎండలో పరిచి తెల్లబరచాకే మూటలు కట్టేవారు. దానికి నీరు, ఆరుబయలు రెండూ ఒకేచోట కావాలి. ఊళ్ళలో రజకుల రేవు కూడా గెడ్డ పక్కనో చెరువు గట్టునో ఉండడానికి కారణం అదే. చౌడుమట్టి పట్టించి, బానలో ఉడికించి, బండమీద బాది, జాడించి, ఇద్దరు రెండు కొసలు పట్టుకుని మెలితిప్పి పిండేవారు. పిండడాన్ని మోటుపని అనుకుంటాం గానీ, ఆరబెట్టడంలో సగం పని అక్కడే అయిపోతుంది. చేత్తో వదిలించగలిగిన నీటిని గాలికి వదిలేయడం దండగ. తరవాత రెండు పేటల తాడు మెలికల్లో బట్ట అంచు దూర్చేవారు. క్లిప్పు అక్కర్లేదు, బట్ట మడతపడదు, రెండు వైపులా గాలి తగులుతుంది. తడి బట్ట ఏం కోరుతుందో ఆ వృత్తివారికి లెక్కలు లేకుండానే తెలుసు.

1933లో ఓడరేవు తెరుచుకుంది. ఉప్పుటేరు, దాని చుట్టూ ఉన్న బురదనేల తవ్వి లోపలి రేవు కట్టారు. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1966లో 32 మంది ప్రాణాలిచ్చిన ఉద్యమం తరవాత, 1971లో శంకుస్థాపన జరిగి ఉక్కు కర్మాగారం వచ్చింది. ఈ ఊరికి అన్నం పెట్టినవి ఇవే. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఊరు పెరిగేకొద్దీ గెడ్డలు మురుగుకాలువలయ్యాయి, బయళ్ళు కాలనీలయ్యాయి. వన్ టౌన్‌లో డాబా మీద ఆరేసిన తెల్లబట్ట మీదకు రేవు నుంచి బొగ్గుపొడి, ఖనిజం ధూళి వచ్చి పడ్డాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విశాఖను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. గాలి ఉన్నచోట ధూళి, ధూళి లేనిచోట గాలి లేదు: మధ్యతరగతి బట్ట అపార్ట్‌మెంటు వెనక వంటింటి బాల్కనీలోకి, నాలుగు గోడల మధ్య సందులోకి చేరింది. రజకుల వృత్తీ చాకిరేవు వదిలి ఇస్త్రీబండి దగ్గరికి వచ్చింది. 2020లో మొదలైన జగనన్న చేదోడు పథకం రజకులకు ఏటా 10,000 రూపాయలిచ్చింది, కానీ దుకాణం ఉన్నవారికి. ఆరుబయలు ఊసే అందులో లేదు.

ఆ బాల్కనీలోకే యంత్రం వచ్చింది. సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో మనవాళ్ళు డ్రైయర్ అనే తొట్టి నిజానికి పిండుతుందంతే, వేడి పెట్టదు. ఐదు కిలోల నూలుబట్టల్ని నిమిషానికి 1000 చుట్లు తిప్పి తీసినా సుమారు మూడు లీటర్ల నీరు మిగులుతుంది. దాన్ని ఆవిరి చేయడానికే దాదాపు రెండు యూనిట్ల కరెంటంత శక్తి కావాలి. వేడి డ్రైయర్ సరిగా ఆరబెట్టనప్పుడు హీటరు పోయిందని తేల్చేస్తారు. ముందు చూడాల్సింది గాలి దారి: జాలీలో పేరుకున్న నూగు, వంకర తిరిగిన గొట్టం, డ్రమ్ము నిండా కుక్కిన బట్టలు. గొట్టం లేని కండెన్సర్ రకాన్ని తలుపులు బిగించిన చిన్నగదిలో పెడితే, అది వదిలే వేడికి గదే వేడెక్కి, ఆవిరి నీరుగా మారడం మందగిస్తుంది. వోల్టేజి సంగతీ ఉంది: 230 బదులు 180 అందితే హీటరు వేడి సుమారు 61 శాతానికి పడిపోతుంది. ఉప్పుబోరు నీటితో ఉతికితే మరో చిక్కు. తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోంచి నీటిని లాగుతుంది, ఆరిన బట్ట మళ్ళీ చెమ్మగిల్లుతుంది. అలాంటప్పుడు ఏ డ్రైయరూ తప్పు చేసినట్టు కాదు. చివరి జాడింపు మంచినీటితో జరగాలి.

సముద్రపు తేమ ఎప్పుడూ ఉన్నదే కదా, పాత రోజుల్లో మాత్రం వానాకాలం బట్టలు ఆరాయా అని అడగవచ్చు. ఆరలేదు. అక్టోబరు ముసురులో ముక్కిన వాసన మన తాతలకూ తెలుసు. పైగా ఆ చాకిరేవు కులం పేరుతో కట్టిపడేసిన చాకిరీ. ఏడాదికోసారి గింజలు కొలిచి దులుపుకున్న ఊళ్ళు ఎన్నో. దాన్ని తిరిగి తెమ్మనడం అన్యాయం. నేననేది ఒక్కటే: వానాకాలం బాధ వానది, ఏప్రిల్లోనూ బట్ట ఆరకపోతే, అది మనం కట్టుకున్న ఇంటిది. యంత్రం కొనుక్కోవచ్చు కదా అనేవారికి జవాబు ఆ రెండు యూనిట్ల లెక్కలోనే ఉంది. ఒంటిగది అద్దెయింట్లో ఉండే కుటుంబానికి అది ప్రతి ఉతుకుకూ కట్టే సుంకం. సెల్ టవర్లకూ నీళ్ళ ట్యాంకులకూ చోటిచ్చి, దండేనికి మాత్రం తాళం వేసే డాబాలు ఈ ఊళ్ళో ఉన్నాయి. సముద్రపు గాలి పగలల్లా ఆ డాబాల మీంచే వీస్తుంది. రేవులో బొగ్గుగుట్టల మీద కప్పులు, నీటి జల్లులు సరిగా పనిచేస్తే వన్ టౌన్ ఇళ్ళు కూడా ఆ గాలిని వాడుకోగలవు.