శాంక్షన్ అయిందా, పడిందా?

బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి ఈ తికమక ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. లోన్ మాడ్యూల్లో "శాంక్షన్ డేట్" అని ఒక ఫీల్డ్ ఉంటుంది. అది నిండితే ఆ కస్టమర్ ఇంట్లో స్వీట్లు పంచుకుంటారు. పేమెంట్స్ వైపు "శాంక్షన్స్ స్క్రీనింగ్" అని ఇంకోటి ఉంటుంది. అందులో పేరు తగిలిందా, డబ్బు అంగుళం కదలదు. ఒకటి దీవెన, ఇంకోటి శాపం. రెంటికీ మాట మాత్రం ఒకటే.

మన తెలుగులో ఈ గొడవ లేదు. మనకి లోను, పెన్షను, లీవు శాంక్షన్ "అవుతాయి". దేశాల మీద ఆంక్షలు "పడతాయి". అంతకుముందు ఫార్సీ, ఉర్దూ దఫ్తర్ల నుంచి వచ్చిన మాటలు కూడా వేరువేరే: మంజూరు, జరిమానా. మంజూరు అంటే అసలర్థం "చూడబడినది". నజర్ కూడా ఆ ధాతువులోదే. దొరగారి నజర్ పడితే మంజూరైనట్టే అన్నమాట. జరిమానాలో ఉన్నది జుర్మ్, అంటే నేరం. ఎవరూ కలగలపలేదు.

మరి ఇంగ్లీషువాళ్ళు ఎందుకు కలిపారు? నిజానికి వాళ్ళు కలపలేదు, మూలంలోనే ఒకటి. లాటిన్‌లో "సాంకిరే" అంటే ఒక కట్టడిని పవిత్రం చేసి, దాటరానిదిగా ప్రకటించడం. సెయింట్ అనే మాట కూడా ఆ కుటుంబంలోదే. రోమన్ చట్టంలో దాటితే ఏం శిక్షో చెప్పే భాగాన్ని "సాంక్షియో" అనేవారు. అంటే నియమానికి అధికారం ఇచ్చేదీ, నియమం తప్పితే కొట్టేదీ ఒకటే చెయ్యి. తర్వాత ఒక కొస ఆమోదం అయింది, రెండో కొస శిక్ష అయింది. 1935లో ఇథియోపియా మీద దాడి చేసిన ఇటలీపై నానాజాతి సమితి వేసిన ఆర్థిక ఆంక్షలతో రెండో అర్థం ప్రపంచ రాజకీయాల్లో బాగా నలిగింది.

ఈ రెండో అర్థం మా ఎల్‌బీ నగర్ వైపుకి కూడా వచ్చింది. కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా ఆటోలో పోయేంత దూరంలో కంచన్‌బాగ్ ఉంది. డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్, మిధాని అన్నీ అక్కడే. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్ పరీక్షలు జరిగాయి. అమెరికా ఆంక్షలు విధించింది. ఆ నవంబరులో మన దేశంలోని సంస్థల పేర్లతో పెద్ద జాబితా తయారు చేసింది. తమాషా ఏమిటంటే, దానికి నెల ముందే, అక్టోబరులో, అదే అమెరికా హెచ్-1బీ వీసాల కోటాని 65,000 నుంచి 1,15,000కి పెంచింది. కంచన్‌బాగ్ ఇంజనీరుకి విడి భాగం కూడా రానివ్వం, దిల్‌సుఖ్‌నగర్ ఇంజనీరు మాత్రం రావచ్చు! 2001 సెప్టెంబరులో ఆ ఆంక్షలు చాలావరకు ఎత్తేశారు గానీ, భారత్ డైనమిక్స్, డీఆర్‌డీఎల్ పేర్లు ఆ జాబితా నుంచి పోయేసరికి 2011 జనవరి వచ్చింది.

ఇంతకీ అసలు కథ మన ఇళ్ళది. ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలు 2007 ఏప్రిల్ 16న జీహెచ్ఎంసీలో కలిశాయి. ఇటువైపు చాలా కాలనీలు పంచాయతీ లేఅవుట్లలో పుట్టినవే. జీతం దాచుకుని ప్లాటు కొన్నవాడికి రిజిస్ట్రేషన్ అయితే చాలు, అంతా సక్రమమే అనిపించింది. తీరా లోనుకి వెళ్తే, "శాంక్షన్ ప్లాన్ ఉందా?" అన్నారు. ప్లాన్ శాంక్షన్ కానిదే లోను శాంక్షన్ కాదు.

2007 డిసెంబరు 31న ప్రభుత్వం రెండు జీవోలు ఇచ్చింది. 901 ఇళ్ళకి, 902 లేఅవుట్లకి. మొదటిదాన్ని జనం బీపీఎస్ అన్నారు, అంటే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్. పేరులోనే శిక్ష ఉంది, చేతికొచ్చేది మాత్రం అనుమతి. శిక్ష కడితే ఆమోదం! నిఘంటువులో పక్కపక్కన ఉండే రెండు అర్థాలు ఒకే రశీదులోకి వచ్చేశాయి. 2015 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం మళ్ళీ పథకం తెచ్చేసరికి అది బీఆర్ఎస్ అయింది. శిక్ష పోయి, "క్రమబద్ధీకరణ" వచ్చింది. 2020 ఆగస్టు 31న 131 నంబరు జీవోతో ఎల్ఆర్ఎస్ మళ్ళీ వస్తే రాష్ట్రమంతటా సుమారు 25 లక్షల దరఖాస్తులు పడ్డాయి.

ఇందులో నాకు గుచ్చుకునేది ఒకటుంది. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే, ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. వదలనిది ఎవరు? లేఅవుట్ వేసి, అమ్ముకుని వెళ్ళిపోయినవాడు. కట్టేది ఎవరు? కొన్నవాడు. కట్టాక ఆ వీధిలో పార్కు వస్తుందా? స్థలమే లేదు, ఎక్కడ వస్తుంది! కాగితం సక్రమం అవుతుంది, పిల్లలు మాత్రం రోడ్డు మీదే ఆడుకుంటారు.

కొన్నవాళ్ళని కూల్చివేతకి వదిలెయ్యాలని నేను అనట్లేదు. ఆ ఇళ్ళలో ఉన్నది మనవాళ్ళే. కానీ పాత లాటిన్ మాటలో ఒక న్యాయం ఉంది. ఆమోదం, శిక్ష రెండూ ఒకే నియమాన్ని కాపాడటానికి. శిక్షే ఆమోదానికి ధర అయిపోతే ఇక కాపాడటానికి నియమం మిగలదు, రేటు కార్డే మిగులుతుంది. తర్వాత లేఅవుట్ వేసేవాడు ఆ కార్డు చూసుకునే మొదలుపెడతాడు.

మనకి మంజూరు, జరిమానా అని రెండు మాటలు ఉన్నందుకైనా, రెండు పనులుగా ఉంచుకోవాల్సింది. కొన్నవాడికి మంజూరు, అమ్మినవాడికి జరిమానా. మాటలు సరిగ్గానే ఉన్నాయండీ, అడ్రసులే తారుమారయ్యాయి.